విచర్ 4 ఫీచర్లు: ట్రైలర్‌లో పట్టేవి, పట్టనివి

ది విచర్ 4 అనే వీడియో గేమ్‌ను 2026 చివరిలోగా విడుదల చేసే ఆలోచన లేదని దాన్ని తయారుచేస్తున్న సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2025 మార్చిలోనే మదుపరులకు చెప్పేసింది. ఆట తాపీగా వస్తుంది. ఫీచర్ల జాబితా మాత్రం ఎప్పుడో వచ్చేసింది. మూడు వందల మంది తిరిగే సంత, ఆకుకు ఆకు కదిలే అడవి, చర్మం కింద కండరాలు కదిలే గుర్రం, మామూలు ప్లేస్టేషన్ 5 కన్సోల్ మీదే సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు. బెంగళూరులో మారతహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ వైపు మన తెలుగు కుర్రాళ్లు ఉండే పీజీల్లో ఈ జాబితాను గడగడా అప్పజెప్పేవాడు ఫ్లోరుకు ఒకడైనా దొరుకుతాడు.

జాబితాలో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, అందులో ఉన్నవన్నీ కంటికి కనిపించేవే. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో మనల్ని నూరు గంటలు కూర్చోబెట్టేవి వేరే ఉన్నాయి. మనం చేసిన పనిని ఆ లోకం గుర్తుపెట్టుకుంటుందా, ఇరవై గంటల తర్వాత దాని ఫలితం మన ముందుకు వస్తుందా, వీధిలో నడిచే మనిషికి ఏదైనా బుర్ర ఉందా లేక నడిచే బొమ్మేనా? వీటిని రెండు నిమిషాల వీడియోలో చూపించడం ఎవరి తరమూ కాదు. అందుకే ప్రకటించిన ఫీచర్లను చదివేటప్పుడు ఏది ఇంజిన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, ఏది మనుషులు కూర్చుని రాయాల్సింది అని విడదీసుకోవాలి. మొదటిది దాదాపు ఖాయం. రెండోది ఆట చేతికొచ్చేదాకా ఎవరికీ తెలియదు, ఒక్కోసారి తయారుచేసేవాళ్లకు కూడా.

ముందు తెలిసిన సంగతులు గబగబా చెప్పుకుందాం. 2022 మార్చిలో సీడీ ప్రాజెక్ట్ తన సొంత రెడ్‌ఇంజిన్‌ను పక్కనపెట్టి, ఎపిక్ కంపెనీ అన్‌రియల్ ఇంజిన్ 5కు మారుతున్నట్టు ప్రకటించింది. పొలారిస్ అనే కోడ్ పేరుతో నడిచిన ఈ ప్రాజెక్టు 2024 నవంబరులో పూర్తిస్థాయి ప్రొడక్షన్‌లోకి వెళ్లింది. అప్పటికే దాని మీద 400 మందికి పైగా పనిచేస్తున్నారు. 2024 డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్ వేదిక మీద మొదటి ట్రైలర్ వచ్చింది. ఈసారి హీరో పాత ఆటల్లోని విచర్, అంటే రాక్షసులను వేటాడేవాడు, గెరాల్ట్ కాదు, అతను పెంచిన సిరి. గెరాల్ట్ కనిపిస్తాడు కానీ కథ అతనిది కాదు. 2025 జూన్‌లో అమెరికాలోని ఒర్లాండోలో జరిగిన అన్‌రియల్ కార్యక్రమంలో టెక్ డెమో చూపించారు. కెల్పీ అనే గుర్రం మీద సిరి కొండలు దాటి, కోవిర్ రాజ్యంలోని వాల్‌డ్రెస్ట్ అనే రేవు పట్టణానికి చేరుతుంది. ఇప్పటిదాకా వచ్చిన విచర్ ఆటల్లో కోవిర్ పేరు విన్నామే తప్ప అక్కడ అడుగుపెట్టలేదు.

ఆ డెమో విచర్ 4 గేమ్‌ప్లే కాదని, ఆట కోసం కడుతున్న టెక్నాలజీని చూపించే ప్రదర్శన మాత్రమేనని కంపెనీయే చెప్పింది. మొదటి ట్రైలర్ కింద కూడా చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: అప్పటికి ఇంకా ప్రకటించని ఎన్విడియా కార్డు మీద ముందే రెండర్ చేసి పెట్టుకున్నది అని. యూట్యూబ్‌లో ‘గేమ్‌ప్లే లీక్’ అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లు ఈ రెండు లైన్లూ చదవరు. చదివితే వ్యూస్ ఏమైపోవాలి!

ఇక డెమోలో చూపించిన వాటిలోకి వెళ్దాం. అడవితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆటలు తయారుచేసేవాళ్లకు గుండె ఝల్లుమన్నది అక్కడే.

బెంగళూరులో విదేశీ ఆటలకు ఆర్ట్ పని చేసిపెట్టే స్టూడియోలు చాలా కాలంగా ఉన్నాయి. 1997లో ఇక్కడ మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో రాక్‌స్టార్ కొనుక్కుంది. అలాంటి ఒక స్టూడియోలో పనిచేసే విజయవాడ మిత్రుడు ఒకడున్నాడు. ఏ ఆటకు పనిచేస్తున్నాడో చచ్చినా చెప్పడు, ఎన్‌డీఏ (రహస్యం బయటపెట్టనన్న ఒప్పందం) ఉంటుంది. చెట్టు ఎలా చేస్తారో మాత్రం ఓపిగ్గా చెబుతాడు. ఆటలో చెట్టుకు ఆకులు విడివిడిగా ఉండవు. ఒక చదునైన పలక మీద ఓ గుప్పెడు ఆకుల ఫోటో అతికించి, ఆకులు లేనిచోట పారదర్శకంగా వదిలేస్తారు. అలాంటి పలకలు కొన్ని వందలు కొమ్మలకు తగిలిస్తే దూరం నుంచి చెట్టులా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే కార్డు ముక్కలు బయటపడతాయి. పైగా పారదర్శకంగా ఉన్న ఖాళీ జాగాను కూడా గ్రాఫిక్స్ కార్డు లెక్క వేయాల్సిందే. దట్టమైన అడవి అంటే ఒకే పిక్సెల్‌ను పదిసార్లు గీయడం అన్నమాట. ఇది చాలదన్నట్టు ఒక్కో చెట్టుకూ దగ్గర నుంచి చూసే బొమ్మ ఒకటి, మధ్య దూరానికి ఒకటి, బాగా దూరానికి ఒకటి అని నాలుగైదు నకళ్లు చేయాలి. మనం ముందుకు నడుస్తుంటే ఆ నకళ్లు ఠక్కున మారడం కనిపిస్తుంది చూడండి, అది ఇదే.

అన్‌రియల్‌లో నానైట్ అనే పద్ధతి ఈ నకళ్ల గొడవను రాళ్లకు, గోడలకు ముందే తీసేసింది. ఒక వస్తువును చిన్న చిన్న ముక్కల గుంపులుగా విడగొట్టి, తెర మీద ఎంత పెద్దగా కనిపిస్తుందో అంత వివరాన్నే అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. కానీ గాలికి ఊగే ఆకుల దగ్గర చాలాకాలం బోర్లాపడింది. డెమోలో చూపించిన నానైట్ ఫోలియేజ్ ఆ లోటును పూడ్చే ప్రయత్నం. దగ్గర్లో ఆకులు నిజమైన ఆకారాలుగానే ఉంటాయి. దూరం వెళ్లేకొద్దీ చెట్టును చిన్న చిన్న ఘనాల ముద్దగా మార్చి గీస్తారు, కంటికి తేడా తెలియదు. ఇది 2025 నవంబరులో వచ్చిన అన్‌రియల్ 5.7తో మిగతా డెవలపర్ల చేతికీ వచ్చింది. కాబట్టి విచర్ 4 అడవి డెమోకు దగ్గరగా ఉంటుందని నమ్మడానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఇలాంటి ఫీచర్‌ను చివర్లో కత్తిరించి పారేయడం కష్టం, ఎందుకంటే ఆర్టిస్టులు చెట్లన్నీ దాన్ని నమ్ముకునే చేస్తారు.

గుర్రం సంగతి ఇంకో రకం. విచర్ 3 ఆడినవాళ్లకు రోచ్ గుర్తుండే ఉంటుంది, ఇంటి పైకప్పు ఎక్కి నిలబడి మనకేసి అమాయకంగా చూసే గుర్రం. కంపెనీవాళ్లే దాని మీద జోకులేసుకున్నారు. పాత పద్ధతిలో గుర్రం ఎక్కడమంటే మన పాత్రను ఒక నిర్ణీత చోటుకు జరిపి, ముందే రికార్డు చేసిన కదలికను ఆడించడం. కొత్త డెమోలో సిరి ఏ వైపు నుంచి, ఎంత వేగంతో వచ్చినా కెల్పీ తను కూడా కదిలి సర్దుకుంటుంది. వేలకొద్దీ రికార్డు చేసిన కదలికల్లోంచి ఈ క్షణానికి బాగా సరిపోయేదాన్ని ఎప్పటికప్పుడు వెతికి అతికించడాన్ని మోషన్ మ్యాచింగ్ అంటారు. ఇక్కడ ఇద్దరికి కలిపి ఒకేసారి చేస్తున్నారు. చర్మం కింద కండరాల కదలికను మాత్రం ముందే కంప్యూటర్‌కు నేర్పించి పెట్టుకుంటారు, ఆటలో ఆ నేర్చుకున్నదాన్ని చవగ్గా వాడుకుంటారు. చూడటానికి ముచ్చటగా ఉంది. రోచ్ వారసురాలు మళ్లీ కప్పులెక్కదన్న గ్యారంటీ మాత్రం దీనివల్ల రాదు. అది గుర్రం దారి వెతుక్కునే లెక్కకు సంబంధించిన విషయం, కండరాలది కాదు.

ఇక 60 ఫ్రేముల మాట. డెమో నడిచింది 2020లో వచ్చిన మామూలు ప్లేస్టేషన్ 5 మీద, రే ట్రేసింగ్‌తో (వెలుతురు కిరణాలను లెక్కగట్టి గీసే పద్ధతి) సహా. ఇది కంపెనీ కావాలని చేసిన పని. తమ ముందటి ఆట సైబర్‌పంక్ 2077ను పీసీని దృష్టిలో పెట్టుకుని కట్టి, తర్వాత పాత కన్సోళ్లలోకి కూరబోయి ఎంత పరువు పోగొట్టుకున్నారో వాళ్లకు తెలుసు. 2020 డిసెంబరులో విడుదలైన వారం పది రోజులకే సోనీ ఆ ఆటను తన స్టోర్‌లోంచి తీసేసింది, ఆరు నెలల తర్వాత 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. అందుకే ఈసారి కన్సోల్ ముందు, పీసీ తర్వాత అనే పద్ధతిలో వెళ్తున్నామని చెబుతున్నారు. మంచిదే.

కానీ దీన్ని చూసి పీసీ ఉన్నవాళ్లు ధైర్యం తెచ్చుకోవడంలో అర్థం లేదు. అన్‌రియల్ 5 ఆటల మీద పీసీలో పెద్ద ఫిర్యాదు స్టట్టర్, అంటే నడుస్తూ నడుస్తూ తెర ఒక్క క్షణం బిగుసుకుపోవడం. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు. గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యే చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. ప్లేస్టేషన్ 5లో ఉండేది ఒకే రకం చిప్పు కాబట్టి వాటిని ముందే సిద్ధం చేసి ఆటతోపాటే ఇచ్చేయొచ్చు. పీసీల్లో రకరకాల కార్డులు, రకరకాల డ్రైవర్లు. ఎవరి మెషీన్‌లో వాళ్లు అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి, ఆ పని ఆట మధ్యలో పడితే బిగుసుకుంటుంది. రెండోది, ఓపెన్ వరల్డ్‌లో, అంటే ఎటైనా తిరగగలిగే లోకంలో, ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్తుంటే కొత్త ఇళ్లు, చెట్లు మెమరీలోకి దిగాలి. ఒకేసారి ఎక్కువ దిగితే మళ్లీ అదే జరుగుతుంది. డెమోలో చెప్పిన ఫాస్ట్‌జియో స్ట్రీమింగ్ ఈ రెండో కారణానికి మందు. మొదటి దానికి కన్సోల్ డెమో జవాబు చెప్పదు, చెప్పలేదు కూడా, ఆ జబ్బు అక్కడ లేదు కాబట్టి.

మా బాబాయి కొడుకు ఇక్కడే ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. డెమో చూసిన మర్నాడు ‘అన్నా, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకెళ్లి గ్రాఫిక్స్ కార్డు రేటు కనుక్కుందామా, ఈఎంఐలో తీసుకుంటా’ అన్నాడు. ఎప్పుడొస్తుందో తెలియని ఆట కోసం, పీసీకి ఏం కావాలో కంపెనీ ఇంకా చెప్పని ఆట కోసం, ఇవాళ్టి రేటుకు కార్డు కొనడం! ఎస్పీ రోడ్డు ఎక్కడికీ పోదురా తమ్ముడూ, ఆట వచ్చే నాటికి అదే డబ్బుకు ఇంకా మంచి కార్డు రావచ్చు అంటే మూడు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు సంత దగ్గరికి వద్దాం. వాల్‌డ్రెస్ట్ బజారులో ఒకేసారి 300 మంది కదులుతూ కనిపిస్తారు. ఒక్కొక్కరికీ ఎముకల గూడు, కదలిక వేరు. ఇంత మందిని ఒక కన్సోల్ మీద 60 ఫ్రేముల్లో నడిపించడం ఆషామాషీ కాదు. చూసేవాళ్ల బుర్ర మాత్రం వెంటనే ఒక మెట్టు పైకి దూకుతుంది: ఈ మూడు వందల మందికీ ఇల్లు, పని, దినచర్య ఉంటాయని. ఆ మాట డెమో చెప్పలేదు. జనాన్ని గీయడం వేరు, జనానికి బతుకు పెట్టడం వేరు.

రెండోదాన్ని చాలామంది ప్రయత్నించారు. 2006లో వచ్చిన ఆబ్లివియన్ అనే ఆట కోసం బెథెస్డా కంపెనీ రేడియంట్ ఏఐ అని గొప్పగా ప్రకటించింది. పాత్రలకు ఆకలి, అవసరాలు ఉంటాయి, వాటిని ఎలా తీర్చుకోవాలో అవే నిర్ణయించుకుంటాయి అన్నారు. తర్వాత డెవలపర్లు చెప్పుకున్న కథ ఒకటుంది: పరీక్షల్లో మత్తుమందుకు అలవాటుపడ్డ పాత్రలు సరుకు కోసం దాన్ని అమ్మేవాడినే చంపేసేవట. ఆటగాడు అక్కడికి వచ్చేసరికి అమ్మేవాడు ఉండడు, వాడితో ముడిపడ్డ క్వెస్ట్, అంటే ఆటగాడికిచ్చిన పని, ఆగిపోతుంది. చివరికి ఆ స్వేచ్ఛను బాగా కత్తిరించి విడుదల చేశారు. లోకం ఎంత బతికి ఉంటే కథకు అంత ప్రమాదం, కథకుడు ఒక పాత్రను ఫలానా చోట నిలబెట్టాలనుకుంటాడు, లోకం దాన్ని ఎటో లాక్కుపోతుంది. ఈ తగవు ఇంజిన్ మారితే తీరేది కాదు.

సైబర్‌పంక్‌లో దీనికి ఎదురు వైపు చూశాం. ఆ ఆటలోని నగరం నైట్ సిటీ వీధులు జనంతో కళకళలాడేవి. కానీ ఏదైనా నేరం చేస్తే పోలీసులు కారులో వెంటాడి రావడం ఉండేది కాదు, గాల్లోంచి ఊడిపడ్డట్టు మన వీపు వెనకే ప్రత్యక్షమయ్యేవాళ్లు. పోలీసులు బండ్లేసుకుని తరమడం 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌లో గానీ కుదరలేదు. అంటే విడుదలయ్యాక దాదాపు మూడేళ్లు. జనం బొమ్మలు మొదటి రోజు నుంచీ బ్రహ్మాండంగానే ఉన్నాయి. కాబట్టి విచర్ 4 కొత్త వీడియో వచ్చినప్పుడు సంతలో ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టకండి. సిరి ఒకడి దుకాణంలో దొంగతనం చేస్తే పక్క దుకాణంవాడు ఏం చేస్తాడో, అరగంట తర్వాత తిరిగొస్తే వాళ్లకు అది గుర్తుందో లేదో చూపిస్తారేమో చూడండి.

అసలు సరుకు నిర్ణయాలు, వాటి ఫలితాలు. విచర్ అంటే జనం పడి చచ్చేది దీనికే.

మొదటి ట్రైలర్ కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. ఊరికి ఒక రాక్షసుడు, వాడికి వంతు ప్రకారం మనిషిని పంపాలి. ఏకచక్రపురంలో బకాసురుడి కథ. అక్కడ బ్రాహ్మణుడి ఇంటి వంతు వచ్చినప్పుడు భీముడు బండెడు అన్నంతో బయల్దేరతాడు, ఇక్కడ మియోని అనే అమ్మాయి వంతు వచ్చినప్పుడు సిరి వెళ్తుంది. సెర్బియా జానపదంలోని బౌక్ అనే జీవి ఇక్కడి రాక్షసుడు. భీముడు బకుడిని చంపాక ఊరు పండగ చేసుకుంది. సిరి రాక్షసుడిని చంపి తిరిగొచ్చేసరికి, బలి తప్పించుకుని వచ్చిందని ఊరివాళ్లే మియోనిని చంపేసి ఉంటారు. విచర్ తరహా అంటే ఇదీ. మంచి పని చేశావు సరే, దాని తర్వాత ఏం జరుగుతుందో నీ చేతిలో లేదు. ఈ ట్రైలర్‌లో నాకు గ్రాఫిక్స్ కన్నా విలువైన సమాచారం ఇదే అనిపించింది, కనీసం రాసేవాళ్లు దారి తప్పలేదని.

కానీ ట్రైలర్‌లో ఈ మలుపు ఒక్కటే. ఆటలో ఆటగాడు ఇంకోలా చేసి ఉంటే? అక్కడ మొదలవుతుంది లెక్క. ఒక ఊళ్లో మూడు నిర్ణయాలు, ఒక్కోదానికి రెండు జవాబులు పెట్టారనుకోండి. ఆ ఊరు 8 రకాలుగా ఉండొచ్చు. పది నిర్ణయాలైతే 1,024 రకాలు. ప్రతి రకానికీ మాటలు రాయాలి, నటులతో పలికించాలి, మొహం కదలికలు చేయాలి, పలు భాషల్లో మళ్లీ పలికించాలి, ఆ పైన టెస్టర్లు అన్ని దారుల్లోనూ నడిచి చూడాలి. ఏ కంపెనీ దగ్గరా అంత డబ్బు లేదు. అందుకే అందరూ చేసేది ఒకటే: కొమ్మలుగా చీల్చడం, కాసేపటికి మళ్లీ ఒక కాండంలోకి కలిపేయడం. ఏ కొమ్మ మీద నుంచి వచ్చామో ఒక చిన్న గుర్తు మాత్రం సేవ్ ఫైల్‌లో ఉంచుకుని, వీలైన చోట ఒక మాట మార్చడం.

తెలివంతా ఆ గుర్తును ఎక్కడ వాడతారన్న దాంట్లో ఉంది. విచర్ 3లో బ్లడీ బారన్ క్వెస్ట్‌ను పదేళ్లు దాటినా జనం తలుచుకోవడానికి కారణం అదే. కొండ కింద పాత చెట్టు వేళ్లలో ఒక ఆత్మ బందీగా ఉంటుంది. వదిలిపెడితే చిత్తడినేలలోని అనాథ పిల్లల్ని కాపాడతానంటుంది. వదిలితే పిల్లలు బతుకుతారు, కానీ పక్క ఊరు నాశనమవుతుంది. కాసేపటికి బారన్ భార్య శాపం పాలై చనిపోతుంది, బారన్ ఉరేసుకుంటాడు. ఆత్మను చంపేస్తే పిల్లలు దక్కరు. భార్య మతి పోయినా ప్రాణాలతో మిగులుతుంది, బారన్ ఆమెను వైద్యం కోసం తీసుకుని బయల్దేరతాడు. నిజానికి ఇక్కడ పెద్ద ఖర్చేమీ లేదు. ప్రధానంగా రెండే దారులు, నాలుగైదు సన్నివేశాలు. కానీ చెట్టు దగ్గర నిర్ణయానికీ ఉరితాడుకూ మధ్య చాలా దూరం పెట్టారు. పాత సేవ్ లోడ్ చేసి సరిదిద్దుకుందామంటే ఎక్కడి దాకా వెనక్కి వెళ్లాలో కూడా తెలియదు. తప్పు ఎవరిదో తెలియని స్థితిలో మనల్ని వదిలేస్తారు.

అందువల్ల ‘ఇన్ని ముగింపులు’ అని అంకె చెబితే దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. విచర్ 3 విడుదలకు ముందు 36 ముగింపు స్థితులు అన్నారు. ఆడి చూస్తే సిరికి ప్రధానంగా మూడు ముగింపులు, పైన యుద్ధం ఎవరు గెలిచారు, స్కెల్లిగే ద్వీపాల గద్దె ఎవరికి దక్కింది వంటివి. ఆ మిగతావన్నీ చివర్లో కొన్ని బొమ్మలు, వాటి మీద వినిపించే కొన్ని వాక్యాలు. ఇలా విడివిడి ఫలితాలను గుణించుకుంటూ పోతే అంకె ఇట్టే పెరుగుతుంది. బాల్డర్స్ గేట్ 3కి లేరియన్ స్టూడియో 17,000 ముగింపు రకాలు అని చెప్పింది, అదీ ఇలాంటి గుణకారమే. మోసమని అనను. బాల్డర్స్ గేట్ 3 మాట నిలబెట్టుకున్న ఆట. కానీ దాన్ని నిలబెట్టింది ఆ అంకె కాదు. 2020 అక్టోబరు నుంచి 2023 ఆగస్టు దాకా, దాదాపు మూడేళ్లు మొదటి అంకాన్ని జనం చేతుల్లో పెట్టి, ఆటగాళ్లు ఏ వంకర దారుల్లో పోతున్నారో చూసి సరిచేసుకున్నారు. కథను దాచుకోవాల్సిన విచర్‌కు ఆ సదుపాయం లేదు.

సిరిని కథానాయికగా ఎంచుకోవడంలోనే ఒక నిర్ణయం దాగుంది. విచర్ 3 చివర్లో సిరి విచర్ కావచ్చు, మహారాణి కావచ్చు, చనిపోనూవచ్చు. నాలుగో ఆటలో ఆమె విచర్ కాబట్టి మిగతా రెండు ముగింపులు చూసినవాళ్ల కథ గాల్లో కలిసినట్టే. పాత సేవ్ ఫైల్ తెచ్చుకుని నిర్ణయాలు కొనసాగించే సంప్రదాయం ఈ సిరీస్‌కు ఉంది. కానీ కొత్త కన్సోళ్లు, కొత్త ఇంజిన్, పదేళ్ల ఎడం తర్వాత దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకపోవడమే మేలు. 2024లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ది వెయిల్‌గార్డ్ మునుపటి ఆటల నుంచి మూడంటే మూడే నిర్ణయాలు పట్టించుకుంది. మూడో ఆటలో మాయమై ప్రత్యక్షమయ్యే శక్తులున్న సిరి, నాలుగో ఆటలో, విచర్లుగా మారేవాళ్లు దాటాల్సిన మూలికల పరీక్ష దాటి మామూలు విచర్‌లా మందులు తాగి, గొలుసు తిప్పి పోరాడుతోంది. మధ్యలో ఏం జరిగిందో కథలోనే చెబుతారట. ఆటగా చూస్తే కారణం తేలికే: సర్వశక్తులున్న పాత్రకు లెవెల్స్ పెంచుకునే పనేముంటుంది?

ఇంత తెలిసీ కంపెనీలు ఎందుకు ముందే ప్రకటిస్తాయి? సీడీ ప్రాజెక్ట్ వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న కంపెనీ, మదుపరులకు రేపటి సంగతి చెప్పాలి. మంచి ప్రోగ్రామర్లను, ఆర్టిస్టులను పిలవాలన్నా ఏం చేస్తున్నారో తెలియాలి. ఆ క్రమంలో బయటికొచ్చే ఫీచర్ల జాబితా సర్జాపూర్ రోడ్డులో పునాది కూడా తీయని అపార్ట్‌మెంట్ బ్రోషర్ లాంటిది. ఈత కొలను బొమ్మ ఉంటుంది, గేటు ముందు మెట్రో ఉంటుంది, మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ‘మార్పులకు లోబడి’ అని ఉంటుంది.

మార్పులు రావడం తప్పు కాదు. సైబర్‌పంక్ 2018 డెమోలో గోడల మీద పరిగెత్తడం అనే ఫీచర్ కనిపించింది. డిజైన్‌కు నప్పలేదని తీసేశామని 2020లో చెప్పారు, ఎవరూ ఏడవలేదు. గేమ్ డిజైనర్ పీటర్ మోలినూ ఇంకాస్త ముందుకెళ్లాడు. తన ఆట ఫేబుల్‌లో విత్తనం నాటితే ఏళ్లు గడిచేకొద్దీ చెట్టవుతుందన్నాడు. 2004లో ఆట వచ్చింది, చెట్టు రాలేదు, ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇంతకన్నా విచిత్రం బెథెస్డా ఆట ది ఎల్డర్ స్క్రోల్స్ 6. 2018 జూన్‌లో కొండలు, మబ్బులు చూపించే నిమిషం కూడా లేని వీడియో వదిలారు. అప్పుడు ఇంటర్ చదివినవాడికి ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, ఆట మాత్రం రాలేదు. అక్కడ ఫీచర్లు చెప్పలేదు కాబట్టి తప్పాయని అనడానికీ లేదు.

మరి ఇకపై ఏం గమనించాలి? కంపెనీ ఉద్యోగి ఆడి చూపించే వీడియోకు, జర్నలిస్టు చేతికి కంట్రోలర్ ఇవ్వడానికి చాలా తేడా ఉంది. జర్నలిస్టు చెప్పిన దారి వదిలి పక్క సందులోకి వెళ్తాడు, అక్కడ తలుపులు తెరుచుకుంటాయో లేదో తెలుస్తుంది. అలాగే ఒకే క్వెస్ట్‌ను రెండు రకాలుగా ఆడించి చూపిస్తే, చివర్లో ఏం మారిందో కాక మధ్యలో ఎవరి మాటతీరు మారిందో వినాలి. తక్కువ శక్తి ఉన్న చిన్న కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మీద ఎలా నడుస్తుందో కూడా చూడాలి. దాంట్లో ఉన్నది 10 జీబీ మెమరీయే, దాని మీద 60 ఫ్రేములు చాలా చాలా కష్టమని టెక్నాలజీ బృందమే ఒప్పుకుంది. ఆ బుల్లి పెట్టెలో మూడు వందల మంది పట్టకపోతే వందమందికి కుదిస్తారా, లేక 30 ఫ్రేములకు దిగుతారా అన్నదాన్ని బట్టి, జనం ఈ ఆటకు అలంకారమా అవసరమా అన్నది కూడా తేలుతుంది.

అన్నిటికన్నా గట్టి గుర్తు రివ్యూ కాపీలు. 2020లో సైబర్‌పంక్ విడుదలకు ముందు రివ్యూయర్లకు పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చారు. వాళ్లు సొంతంగా రికార్డు చేసుకున్న వీడియో వాడకూడదని, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడాలని షరతు పెట్టారు. పాత కన్సోళ్లలో ఆట ఎలా ఉందో డబ్బు కట్టినవాళ్లకు ఇంట్లో పెట్టి చూసుకున్నాకే తెలిసింది. విచర్ 4కు ప్లేస్టేషన్ 5, సిరీస్ ఎస్ కాపీలు కూడా ముందే రివ్యూయర్లకు అందుతాయా, తమ సొంత వీడియోలు వేసుకోనిస్తారా అన్నది విడుదలకు వారం ముందే తెలిసిపోతుంది. ప్రీఆర్డర్ బటన్ ఆ వారంలో కూడా అక్కడే ఉంటుంది.